ఫరహాబాద్ కొండ మీద ఒక పగలు

కందుకూరులో మా ఇల్లు శ్రీశైలం రహదారికి ఆనుకొని ఉంటుంది. ముందు గదిలో, రోడ్డు వైపు కిటికీ పక్కన, మా అత్తమ్మ 32 ఏళ్ళుగా కుట్టుమిషను ముందు కూర్చుంటున్నారు. ఆ కిటికీలోంచి ఆమె చూడని వాహనం లేదు. ఒకప్పుడు గంటకొక బస్సు వెళ్ళే దారి అది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం వచ్చాక పరిసరాల్లోని పొలాలకు హద్దురాళ్ళు మొలిచాయి. ఇప్పుడు మా మండలంలోని మీర్‌ఖాన్‌పేట వైపు కొత్త నగరమే రాబోతోందని అందరూ చెప్పుకుంటున్నారు. జొన్నచేలు ఎలా ఉంటాయో మా పిల్లలకు తెలియదు. ప్లాట్లు, వాటి చుట్టూ ముళ్ళకంచెలు మాత్రం బాగా తెలుసు.

ఒకనాడు మా చిన్నమ్మాయి, "దాదీ, ఈ రోడ్డు చివర ఏముంటుంది?" అని అడిగింది. "పెద్ద అడవి ఉంటుందట బేటీ, నేను చూడలేదు" అన్నారు అత్తమ్మ, మిషను ఆపకుండానే. లోపల వంట చేస్తున్న నాకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. మేము చూశాం మరి. ఆమెను ఇంటికి కాపలా ఉంచి మేము వెళ్ళివచ్చాం. పైగా ఆ వెళ్ళడం కూడా సరిగా వెళ్ళలేదు. ముందు ఆ సంగతే చెప్పాలి.

నాలుగేళ్ళ కిందట, వానాకాలంలో, శ్రీశైలం ఆనకట్ట గేట్లు ఎత్తారని విని కారులో బయలుదేరాం. తుక్కుగూడ వైపు నుంచి వచ్చే ఈ రహదారి మా ఊరి మీదుగా కడ్తాల్, ఆమనగల్లు, డిండి దాటి, హాజీపూర్ తర్వాత మన్ననూరు వద్ద ఘాటు ఎక్కుతుంది. అక్కడి నుంచి దోమలపెంట దాకా దాదాపు 60 కిలోమీటర్ల మేర అంతా నల్లమల అడవే. ఆ దారిలో ఒక మలుపు వద్ద కోతుల గుంపు కనిపించింది. పిల్లలు కేరింతలు కొట్టారు. మావారు కారు ఆపారు. ఇంటి నుంచి తెచ్చిన అరటిపండ్లు, బిస్కెట్లు కిటికీలోంచి విసిరాం. వాటి ఫొటోలు తీసుకున్నాం. మూగజీవాలకు తిండి పెట్టామన్న తృప్తితో ముందుకు సాగాం.

సాయంత్రం తిరిగి వస్తుండగా అదే మలుపు వద్ద రోడ్డు మధ్యలో ఒక తల్లికోతి పడివుంది. ఏదో వాహనం దాని మీదుగా వెళ్ళింది. దాని పొట్టను కరుచుకొని ఒక పిల్ల అలాగే ఉంది. మిగిలిన కోతులు రోడ్డు పక్క రాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాయి. మా పెద్దవాడు, "అమ్మీ, అది మనం పడేసిన పండు కోసమే వచ్చిందా?" అన్నాడు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా పండు కోసం కాకపోవచ్చు, మాలాంటి మరొకరి పండు కోసం కావచ్చు. రోడ్డు మీద తిండి దొరుకుతుందని ఆ గుంపుకు నేర్పినవారిలో మేమూ ఉన్నాం.

ఒక ప్రయాణంలో సహచరులు కొందరు ఒక చిన్న పక్షి పిల్లలను పట్టుకొస్తే, ఆ తల్లి తల మీద రెక్కలు కొట్టుకుంటూ తిరగడం చూసి, దాని పిల్లల విషయంలో దానిని బాధపెట్టినదెవరని దైవప్రవక్త (సఅసం) అడిగి, వాటిని తిరిగి ఇప్పించిన వృత్తాంతం మన ఇళ్ళలో అందరూ విన్నదే. నేనే మా పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. ఆ రాత్రి మాత్రం చెప్పలేకపోయాను.

కనుక రెండోసారి వెళ్ళినప్పుడు, అంటే గత నవంబరులో అత్తమ్మతో వెళ్ళినప్పుడు, ముందుగా నలుగురినీ అడిగి తెలుసుకున్నాం. మన్ననూరు తనిఖీ కేంద్రం వద్ద రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు అడవి దారిలోకి వాహనాలను పోనివ్వరు. రాత్రి అడవి జంతువులది, దారి వాటికి వదిలెయ్యాలి. జూలై నుంచి సెప్టెంబరు వరకు మూడు నెలలు సఫారీ ఉండదు. కోతులకు తిండి వేయకూడదు. లోపలికి ప్లాస్టిక్ సంచులు, సీసాలు తీసుకెళ్ళకూడదు. ఈ నిబంధనలు విని మా బంధువొకరు, "అడవికి వెళ్ళడానికి కూడా ఇన్ని షరతులా?" అని విసుక్కున్నారు. పరుల ఇంటికి వెళ్ళినప్పుడు అనుమతి అడిగి, సలాం చేసి గాని లోపలికి అడుగు పెట్టకూడదని నేర్చుకున్న మనకు ఇది వింతగా తోచనక్కరలేదు.

ఫజ్ర్ నమాజు చేసుకొని బయలుదేరాం. బగారా అన్నం, ఖట్టా, కొద్దిగా కబాబులు స్టీలు డబ్బాల్లో సర్దాను. నీళ్ళు రెండు పెద్ద స్టీలు క్యానుల్లో పట్టుకున్నాం. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆమె కోసం మడత స్టూలు ఒకటి పెట్టాం. ఆమె ఆ రోజు కొత్త బుర్ఖా వేసుకుంటానన్నారు. నేను వద్దన్నాను. సోదరీమణులకు ఇక్కడొక మాట: అడవి దారిలో నేలను తాకే అంచు ముళ్ళకు, తీగలకు చిక్కుకుంటుంది. చీలమండ దాకా ఉండే నూలు బుర్ఖా, కాలికి పట్టివుండే బూట్లు ఉంటే చాలు. చెప్పులతో వచ్చి రాళ్ళ మీద జారినవారిని మేము ఆ రోజే ఇద్దరిని చూశాం. మన్ననూరు దాటాక ఫోను చాలాచోట్ల మూగపోతుంది కనుక ఇంట్లోవారికి ఎప్పటికి తిరిగి వస్తామో ముందే చెప్పడం మంచిది.

డిండి జలాశయం దగ్గర ఎండ పొడిచింది. హాజీపూర్ దాటాక దూరాన నీలంగా ఒక గోడలాగా కొండలు కనిపించాయి. "ఇదేనా?" అని అత్తమ్మ రెండుసార్లు అడిగారు. ఘాటు మలుపులు ఎక్కుతుండగా ఆమె ఏసీ తీసేయమని అద్దం దింపారు. ఆకుల వాసన, తడిమట్టి వాసన లోపలికి వచ్చాయి. కందుకూరు నుంచి మన్ననూరు సుమారు 100 కిలోమీటర్లు. రెండు గంటల ప్రయాణం. 32 ఏళ్ళలో ఆ రెండు గంటలు మాకెవరికీ దొరకలేదు!

మన్ననూరు అమ్రాబాద్ పులుల అభయారణ్యానికి ముఖద్వారం. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు కృష్ణానదికి ఇవతలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు మిగిలింది. 2,611 చదరపు కిలోమీటర్లు. దేశంలోని పెద్ద పులుల అభయారణ్యాల్లో ఇదొకటి. తనిఖీ కేంద్రం వద్ద మా సామాను చూశారు. మా చిన్నమ్మాయి సంచిలో దాచుకున్న చిప్స్ పొట్లం బయటపడింది. దాన్ని అక్కడే తిని, ఖాళీ కవరు చెత్తబుట్టలో వేసి, "ఇప్పుడు వెళ్ళవచ్చా?" అని ఉద్యోగిని ఎంతో మర్యాదగా అడిగింది.

అక్కడికి కొద్ది దూరంలో ఫరహాబాద్. పేరు వినగానే అత్తమ్మ, "ఫరహ్ అంటే సంతోషం కదా" అన్నారు. ఔను, సంతోషాల ఊరు. నిజాం పాలకుల కాలంలో ఇది వేటకు, వేసవి విడిదికి పేరుపొందిన చోటు. నాటి కట్టడాల శిథిలాలు ఇంకా చెట్ల మధ్య కనిపిస్తాయి. ఒకనాడు ఇక్కడ తుపాకీ మోత వినిపించేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నిషిద్ధమైంది. పేరు మాత్రం మిగిలింది. ఆ సంతోషం ఇప్పుడు ఎవరిది అన్నదే ప్రశ్న.

సఫారీ జీపు ఎక్కాం. మాకు దారి చూపిన యువకుడు చెంచు. జీపు దిగకూడదనీ, గట్టిగా మాట్లాడకూడదనీ మొదటే చెప్పాడు. నా వరకు ఈ రెండో షరతు మొదటిదానికంటె కష్టమైంది. మా కుటుంబంలో ఎవరూ మెల్లగా మాట్లాడరు. అయితే అర కిలోమీటరు పోయేసరికి మౌనం దానంతట అదే వచ్చింది. టేకు, నల్లమద్ది, ఏగిస, వెదురు పొదలు. ఒకచోట దుప్పుల మంద. వాటి పైన చెట్టు మీద కొండముచ్చులు. అవి కొమ్మలు విరిచి ఆకులు రాలుస్తుంటే కింద దుప్పులు తింటున్నాయి. పైవాటికి చూపు దూరం, కిందివాటికి వాసన పసిగట్టే శక్తి. పులో చిరుతో వస్తే ఎవరు ముందు పసిగడితే వారు కేక వేస్తారు, రెండు జాతులూ తప్పించుకుంటాయి. ఆ యువకుడు గుసగుసగా ఇది చెబుతుంటే మా పెద్దవాడు నోట్‌బుక్కులో రాసుకున్నాడు. జంతువులు కూడా మీవంటి సముదాయాలేనన్న ఖుర్ఆన్ బోధ వాడు మదరసాలో కంఠస్థం చేసినదే. ఆ చెట్టు కింద అది వాడికి కంటి ముందు కనిపించింది.

అడవి అంటే పులే అనుకుంటాం. మాకు పులి కనిపించలేదు. చాలామందికి కనిపించదు. దానికోసమే వచ్చినవారు ముఖం వేలాడదీసుకొని తిరిగిపోతారు. కానీ ఈ కొండ మీద కథ ఉన్నది పెద్ద జంతువుకు మాత్రమే కాదు. మూషిక జింక అని కుందేలంత జంతువు ఒకటుంది. జింకంటే నమ్మబుద్ధి కాదు. హైదరాబాద్ జంతు ప్రదర్శనశాలలో, సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడ్పాటుతో దానిని పెంచి, సంతతి పెరిగాక 2017లో ఈ అమ్రాబాద్ అడవిలో వదలడం మొదలుపెట్టారు. తరిగిపోతున్న ప్రాణిని పట్నంలో పెంచి మళ్ళీ అడవికి అప్పగించడం! వేటగాళ్ళు విడిది చేసిన అడవికే ఈ అప్పగింత జరగడం నాకు బాగా నచ్చింది.

జీపు కొండకొమ్ము మీద ఆగింది. ఇక్కడ దిగవచ్చు. దిగువన మైదానం పరచుకొని ఉంది. పొలాలు, చెరువులు, వాటి మధ్య దారపు పోగుల్లాగా దారులు. పిల్లలు అటు పరుగెత్తారు. అత్తమ్మ మాత్రం వెనుకనే ఉండిపోయారు. తిరిగి చూస్తే ఒక చిన్న చెట్టు దగ్గర నిలబడి, ఒక ఆకును బొటనవేలితో రుద్దుతున్నారు.

"ఇది తునికాకు" అన్నారు.

అత్తమ్మ పుట్టిల్లు కామారెడ్డి. ఆ వైపు బీడీలు చుట్టని ఇల్లు తక్కువ. ఏడేళ్ళ వయసు నుంచి నికాహ్ అయ్యేవరకు ఆమె చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టారు. నానిన ఆకును రేకు మీద పెట్టి కత్తెరతో కత్తిరించడం, పొగాకు పోసి చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. వెయ్యి చుడితే ఇంత అని లెక్క. ఆమె చదువు నాలుగో తరగతితో ఆగిపోవడానికి ఆ చాటే కారణం. ఎన్ని లక్షల ఆకులు ఆ వేళ్ళ మధ్య నుంచి వెళ్ళి ఉంటాయో! "కట్టల్లో వచ్చేది, ఎండిపోయి. చెట్టు మీద ఎట్లుంటదో ఎన్నడూ చూడలే" అన్నారు. ఆమె గొంతులో బాధ లేదు. చిన్ననాటి నుంచి పేరు మాత్రమే విన్న బంధువును మొదటిసారి కలిసినట్టుంది.

మా చిన్నమ్మాయి ఒక ఆకు తెంపబోయింది. చెంచు యువకుడు తల అడ్డంగా ఊపాడు. అత్తమ్మే మనవరాలి చెయ్యి పట్టుకొని వెనక్కు తీశారు. "ఎండాకాలంలో పండు కాస్తదమ్మా, పచ్చగా, తియ్యగా ఉంటది. ఎలుగుబంట్లు మాకంటె ముందే తింటయి" అన్నాడతను. "అయితే మీకేం మిగులుతుంది బిడ్డా?" అని ఆమె అడిగారు. "మిగిలిందే మాది" అన్నాడు.

నేను ఆ మాటను ఇంటికి తెచ్చుకున్నాను.

జుహ్ర్ వేళకు సఫారీ మొదలైన చోటికి తిరిగి వచ్చాం. స్టీలు క్యాను నీళ్ళతో ఒక్కొక్కరు ఒక లోటాతో వుజూ పూర్తి చేశాం. ఇంట్లో కుళాయి తిప్పి వదిలేసే మా పెద్దవాడికి లోటా నీళ్ళు చాలడం ఒక ఆవిష్కరణే. ఖిబ్లా మన ప్రాంతంలో పడమటికి కాస్త ఉత్తరంగా ఉంటుంది. సూర్యుణ్ణి చూసి పిల్లలే అంచనా వేశారు, తర్వాత ఫోనులోని దిక్సూచితో సరిచూశారు. దూరాన్ని బట్టి మేము ముసాఫిర్లం కనుక ఫర్జ్ రెండు రకాతులే. జుహ్ర్, అస్ర్ కలిపి చేసుకోవచ్చా అన్నది ఎవరి మస్లక్ వారు అనుసరించవలసినదే. అత్తమ్మ స్టూలు మీద కూర్చుని చేశారు. నమాజులో గాలి చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. సలాం తిప్పాక చాలాసేపు ఆమె లేవలేదు.

భోజనం తర్వాత ఎముకలు, నిమ్మతొక్కలు సహా అన్నీ తిరిగి డబ్బాల్లో వేసుకున్నాం. అడవిలో కుళ్ళిపోయేదే కదా అని పారేస్తాం గానీ, ఆ వాసనకు జంతువులు దారి పక్కకు అలవాటు పడతాయి. తల్లికోతి మా కళ్ళ ముందు నుంచి ఇంకా పోలేదు. పొయ్యి పెట్టి వండుకుందామని కట్టెలు తెచ్చిన ఒక కుటుంబాన్ని అటవీ సిబ్బంది వారించడం చూశాం. ఎండిన గడ్డిలో ఒక్క నిప్పురవ్వ చాలు.

మల్లెలతీర్థం జలపాతానికి మేము వెళ్ళలేదు. వటవర్లపల్లి దగ్గర నుంచి లోపలికి దారి ఉంది, కిందికి వందల మెట్లు దిగాలి. అత్తమ్మ మోకాళ్ళు ఒప్పుకోవు. మరో కారణం కూడా ఉంది. ఆ మడుగులో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్న యువకుల వార్తలు ఒకటికి రెండుసార్లు పత్రికల్లో చదివాం. నీళ్ళు పైకి ప్రశాంతంగా ఉంటాయి, లోతు తెలియదు, రాళ్ళు పాచిపట్టి ఉంటాయి, సహాయం దూరం. పిల్లలతో వెళ్ళేవారు ఒడ్డునే ఆగాలి. ఈ విషయంలో నేను మొహమాటపడను.

తిరుగు ప్రయాణానికి ముందు ఆ యువకుడితో కొంతసేపు మాట్లాడాం. అతని పెంట లోపలికి ఉంది. పెంట అనగానే మా పిల్లలు నవ్వారు. చెంచుల నోట పెంట అంటే ఊరు. ఈగలపెంట, దోమలపెంట అన్నీ అలా వచ్చినవే. పిల్లలు సిగ్గుపడ్డారు. అతను కూడా నవ్వాడు. తేనె తీయడానికి కొండచరియ మీది నుంచి తాడు కట్టుకొని దిగేటప్పుడు ఆ తాడు ఎవరు పట్టుకుంటారని మావారు అడిగితే, "బామ్మర్ది" అన్నాడు. అక్క ముండమోయడం ఏ తమ్ముడూ కోరుకోడు కదా! పట్టు మొత్తం కోయరట, కొంత ఈగలకు వదిలేస్తారట.

ఈ చెంచుల గురించి ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ అమ్రాబాద్ పీఠభూమి మీదే ఉండి పరిశోధన చేశారు. ఆయన గ్రంథం 1943లో వెలువడింది. ఆయన సూచన మీదనే నాటి నిజాం ప్రభుత్వం సుమారు లక్ష ఎకరాలను చెంచుల కోసం ప్రత్యేకించింది. నేడు అదే నేల పులుల అభయారణ్యం. లోపలి పెంటలవారు బయటకు వస్తే కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇచ్చే పథకం ఉంది. మీరు వెళతారా అని మావారు అడిగారు. అతను వెంటనే జవాబు చెప్పలేదు. "పిల్లలకు బడి, ఆస్పత్రి అక్కడ ఉంటయి. ముసలోళ్ళకు అడవి ఇక్కడ ఉంటది" అన్నాడు చివరికి. 2019లో ఈ కొండల్లో యురేనియం కోసం తవ్వాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు జనం గట్టిగా వ్యతిరేకించారు, ఆ సెప్టెంబరులో శాసనసభ కూడా తీర్మానం చేసింది. ఇప్పుడు ఈ రోడ్డును అడవి మీదుగా స్తంభాల మీద వంతెనలాగా వేయాలన్న ఆలోచన నడుస్తోంది. జంతువులు కింద నుంచి, మనం పైనుంచి. తల్లికోతి గుర్తుకు వచ్చి నాకు అది మంచిదే అనిపించింది. అయితే రాత్రివేళ మూసే గేటు అప్పుడు తెరుచుకుంటుందేమో, ఆ కాంక్రీటు పని సాగినన్నాళ్ళు అడవి ఏమవుతుందో అని కూడా అనిపించింది. ఈ ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు, కానీ రోడ్డు మా ఇంటి ముందుది కనుక పట్టించుకోకుండా ఉండలేను.

చీకటి పడకముందే మన్ననూరు గేటు దాటాం. నాలుగేళ్ళ కిందటి మలుపు అంతకన్నా లోపలికి, దోమలపెంట వైపు ఉంది. ఈసారి అంత దూరం వెళ్ళలేదు. గేటుకు ఇవతల కొన్ని కోతులు రోడ్డు పక్కకు వచ్చాయి. ఎవరూ అద్దం దింపలేదు. మా చిన్నమ్మాయి చేతులు రెండూ ఒడిలో పెట్టుకొని వాటివైపే చూస్తూ కూర్చుంది.

మర్నాడు ఉదయం అత్తమ్మ మళ్ళీ మిషను ముందు కూర్చున్నారు. పాఠశాల దుస్తులు కుట్టించుకోవడానికి ఎవరో వచ్చారు. కొలతలు తీసుకుంటుండగా కిటికీ ముందు నుంచి శ్రీశైలం బస్సు ఒకటి వెళ్ళింది. ఆమె టేపు చేతిలో అలాగే పట్టుకొని, గోడ గడియారం వైపు చూసి, "ఇంకో రెండు గంటల్లో అది ఘాటు ఎక్కుతుంది" అన్నారు.